వాన ఆగిపోయాక ఇంట్లోకి వచ్చిన నీళ్లు: ఇప్పుడు ఏం చేయాలి, ఈసారి ఎప్పుడు బయటపడాలి

ముందు రెండు విషయాలు చెప్పేసి మిగతావాటికి వస్తాను. ఇంట్లో మెయిన్ స్విచ్ ఇప్పుడే వేయకండి. కారు స్టార్ట్ చేయకండి. మీ ఆయన ఈ రెండిటికీ తొందరపడుతున్నారని రాశారు కదా, ఆయన పక్కనుంటే ముందు ఇది చదివి వినిపించండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, మీరిద్దరూ, ఎనిమిదేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, నడవలేని మీ అత్తగారు. సాయంత్రమంతా కుండపోత, రాత్రి పదింటికి వాన ఆగింది, గండం గడిచిందనుకుని పడుకున్నారు. ఒంటిగంటకి బాత్రూమ్‌ జాలీలోంచి గుడగుడమని శబ్దం, వెనకే నల్లటి నీళ్లు. గంట తిరక్కుండా మోకాలి లోతు, తెల్లారేసరికి నడుం లోతు. మీ ఆయన కారుని మెరక మీద పెట్టొస్తానని వెళ్లి దార్లో ఇరుక్కున్నారు, పిల్లల్ని పై అంతస్తు వాళ్లు తీసుకెళ్లారు, అత్తగారిని అందరికంటే చివర్లో కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. మూడో రోజుకి నీళ్లు తీశాయి. ఇప్పుడు కరెంటు, కారు, సంపులో నీళ్లు, వాన చినుకు పడితే వణికిపోతున్న పాప, "నావల్లే ఆలస్యమైంది" అని కుమిలిపోతున్న అత్తగారు. వీటన్నిటి గురించీ అడిగారు, మళ్లీ వస్తే ఏంటని కూడా అడిగారు.

నేను వరద సహాయక బృందాల్లో చాలా ఏళ్లు పనిచేశాను. జనాన్ని బయటికి తేవడమే కాదు, నీళ్లు తీశాక వాళ్లని మళ్లీ ఇళ్లలోకి చేర్చే పని కూడా మాదే. మనుషులు వరదలో తప్పించుకుని, ఆ తర్వాత ఎండిపోయినట్టు కనిపిస్తున్న ఇంట్లో కరెంటు షాక్ తగిలి పోవడం జరుగుతుంది. అందుకే కరెంటుతో మొదలుపెడుతున్నాను.

స్విచ్ బోర్డు బయటికి ఆరినట్టే ఉంటుంది. గోడలో వైర్ల పైపుల్లో నీళ్లు, బురద అలాగే ఉంటాయి. అప్పుడు మెయిన్ వేస్తే తడి గోడకి, ఇనప తలుపుకి, కుళాయికి కరెంటు రావచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి మెగ్గర్‌తో, అంటే వైర్ల తొడుగులోంచి కరెంటు లీకవుతోందా అని చూసే మీటర్‌తో, పరీక్ష చేసి, ఒక్కో లైన్ విడిగా వేసి చూడాలి. నీళ్లలో మునిగిన ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు), ప్లగ్ పాయింట్లు ఆరబెట్టి వాడేవి కాదు, మార్చాల్సిందే. ఎటూ అన్నీ విప్పుతారు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయే ఆర్‌సీసీబీ, అంటే షాక్ నుంచి కాపాడే స్విచ్, లేకపోతే ఇప్పుడే పెట్టించుకోండి. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. వీధిలో కరెంటు లేకపోయినా ఆ బ్యాటరీ నుంచి ఇంటి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. బ్యాటరీ నీళ్లలో ఉంటే మీరు ముట్టుకోకండి, అదీ ఎలక్ట్రీషియనే తీయాలి. ఎవరి దగ్గరైనా జనరేటర్ తెస్తే ఇంట్లో, వరండాలో, మెట్ల కింద పెట్టొద్దు. బయట కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గ్యాస్ సిలిండర్ తేలి పక్కకి ఒరిగి ఉంటే ట్యూబ్ లాగేసి ఉంటుంది. తలుపులు, కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి. వాసన ఉంటే అగ్గిపుల్ల, లైటరు ఏదీ వెలిగించకుండా బయటికి వచ్చేసి గ్యాస్ వాళ్లని పిలవండి.

ఇక కారు. నీళ్లు గాలి లోపలికి వెళ్లే దారిలోంచి సిలిండర్లలోకి చేరి ఉంటే, తాళం తిప్పగానే పిస్టన్ ఆ నీళ్లని నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. శుభ్రం చేసుకుంటే పోయేది ఇంజన్ మార్చేదాకా వస్తుంది. పైగా మునిగిన బండిని స్టార్ట్ చేసి పాడుచేశారని ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కనిపించేలా లోపలా బయటా ఫోటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, లాక్కెళ్లే బండి మీద సర్వీస్ సెంటర్‌కి పంపండి. ఎవరిదైనా ఎలక్ట్రిక్ బండి మునిగి ఉంటే ఇంటి గోడకి దూరంగా, ఆరుబయట పెట్టమనండి, అలాంటి బ్యాటరీలు రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు.

ఇంట్లో కూడా ఇంతే, ముందు ఫోటోలు, తర్వాతే చీపురు. గోడ మీద నీటి చార కనిపించేలా ప్రతి గది, పాడైన ప్రతి వస్తువు తీసి పెట్టుకోండి. పరిహారం కోసమైనా, ఇన్సూరెన్స్ కోసమైనా కడిగేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

"వాన ఆగిపోయాక నీళ్లు ఎలా వచ్చాయి" అన్న మీ ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా అనిపించింది. దాని జవాబులోనే మళ్లీసారి ఏం చేయాలో ఉంది. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్లు. 100 మిల్లీమీటర్లు పడితే ఒక్క చదరపు కిలోమీటరు మీదే 10 కోట్ల లీటర్లు. మట్టి నేల అయితే కొంత తాగుతుంది, సిమెంటు రోడ్లు, డాబాలు దాదాపు ఏమీ తాగవు, మొత్తం డ్రైనేజీలోకే వస్తుంది. ఆ డ్రైనేజీ పల్లానికి పారి ఏ కాలవలోనో, ఏటిలోనో కలవాలి. ఎగువ నుంచి నీళ్లు దిగొచ్చి కాలవ మట్టం పైపు నోటికంటే పైకి వచ్చిందనుకోండి, మీ వీధి నీళ్లు బయటికి పోవడం ఆగిపోయి, కాలవ నీళ్లే పైపుల్లోంచి వెనక్కి తన్నుతాయి. ఎగువ నీళ్లు మీ దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి మీ దగ్గర వాన తెరిపిచ్చాకే మట్టం పెరుగుతుంది. వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉన్న నోరు గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూమ్ జాలీ. మీరు విన్న గుడగుడ, పైపులో ఉన్న గాలిని కింద నుంచి నీళ్లు పైకి తోస్తున్న శబ్దం. అంటే వాన ఆగిందని ఆకాశం చెప్పిన మాట నిజమే, కానీ మీ ఇంటికి సంబంధించిన కబురు బాత్రూమ్‌లోంచి వచ్చింది.

అందుకే తలుపు దగ్గర ఇసక బస్తాలు వేస్తే చాలా అని అడిగినదానికి, మీ ఇంటికి ఒక్క అవే చాలవు అంటాను. ముందు జాలీలు, కమోడ్ మూయాలి. గట్టి ప్లాస్టిక్ సంచిలో ఇసక నింపి, మూతి బిగించి, కమోడ్ లోపల ఒకటి, ప్రతి జాలీ మీద ఒకటి పెట్టండి, పైన బరువు ఉంచండి. శాశ్వతంగా అయితే ఇంటి నుంచి బయటికి వెళ్లే డ్రైనేజీ పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లని బయటికే వదిలి వెనక్కి రానివ్వని మూత, పెట్టించాలి, వానాకాలానికి ముందు విప్పి శుభ్రం చేయించాలి, చెత్త ఇరుక్కుంటే అది మూసుకోదు. అది మూసుకుని ఉన్నంతసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, కాబట్టి అప్పుడు కుళాయిలు, ఫ్లష్ వాడకూడదు.

బయటి నీళ్లని ఆపడానికీ ఒక హద్దుంది. మీటరు వెడల్పు తలుపు మీద అర మీటరు ఎత్తు నీళ్లు ఆనుకుంటే దాదాపు 125 కిలోల ఒత్తిడి, మీటరు ఎత్తు అయితే 500 కిలోలు. ఎత్తు రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. 60 సెంటీమీటర్లు దాటాక కూడా బిగించి ఆపుతూ ఉంటే మామూలు ఇటుక గోడ దెబ్బతినొచ్చు, అప్పుడు నీళ్లని లోపలికి రానివ్వడమే ఇంటికి మంచిది. సెల్లార్‌లో చిక్కుకున్నవాళ్లు తలుపు తీయలేకపోయేదీ ఈ ఒత్తిడి వల్లే. పై ఇళ్ల వాళ్లకి కూడా చెప్పండి, రోడ్డు మీద నీళ్లు ఉన్నప్పుడు బండి తీసుకురావడానికని సెల్లార్‌లోకి ఎవరూ దిగకూడదు.

ఇంట్లోకి వచ్చింది మురుగు, వాన నీళ్లు కాదు. దాన్ని మురుగులాగే చూడండి. బూట్లు, చేతి తొడుగులు లేకుండా బురద ఎత్తకండి. కాలికి మేకో గాజుపెంకో గుచ్చుకుంటే సబ్బుతో కడిగి అదే రోజు డాక్టర్‌కి చూపించండి, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్) వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ అవసరం పడొచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, తడిసిన రెండు రోజుల నుంచి నెల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. ఈ నెలలో ఎవరికి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉన్నా "మేం వరద నీళ్లలో తిరిగాం" అని డాక్టర్‌కి ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది.

సంపులో నీళ్లు తాగడానికే కాదు, పళ్లు తోముకోవడానికి కూడా వద్దు. మొత్తం తోడించి, బురద తీసి, గోడలు రుద్దించి, మళ్లీ నింపి, 30 శాతం పైగా క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్లకి ఇంచుమించు 150 గ్రాములు కలిపి ఒక రోజు వదిలేయండి. ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లు పట్టుకోండి. లోపలికి దిగేవాళ్లు ఒంటరిగా దిగకూడదు, మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. అంతదాకా తాగే నీళ్లు బయటినుంచి తెచ్చుకోండి, కుదరకపోతే కుళాయి నీళ్లు వడగట్టి, సలసలా మరిగాక కనీసం ఒక నిమిషం ఉంచి చల్లార్చండి. ఒకవేళ పెట్రోలు, ఇంజనాయిలు వాసన వస్తుంటే మరిగించినా క్లోరిన్ వేసినా అవి పోవు, ఆ నీళ్లు వాడొద్దు. బాబుకి ఇంకా పాలిస్తుంటే ఆపకండి, ఈ సమయంలో వాడికి అంతకంటే భద్రమైనది లేదు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచి నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు. వరద నీళ్లు తాకిన తిండి, మందులు సీలు తీయనివైనా పారేయండి. ఫ్రిజ్ మునగకపోయినా కరెంటు పోయి 4 గంటలు దాటితే పాలు, వండినవి నమ్మకండి. అత్తగారికి షుగర్ ఉందన్నారు. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు 25 నుంచి 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా పనిచేస్తాయి, కాబట్టి ఫ్రిజ్ ఆగిందని మానేయనివ్వకండి, ఆవిడ వాడే రకం గురించి మందుల షాపులో అడిగి నిర్ధారించుకోండి.

కడగడంలో ఒక వరస ఉంది. బురద ఇంకా తడిగా ఉండగానే ఎత్తేయాలి, తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాతే క్లోరిన్. 20 లీటర్ల బకెట్‌కి ఒక కప్పు లిక్విడ్ బ్లీచ్ సరిపోతుంది. బురద మీదే క్లోరిన్ పోస్తే ఆ మురికితోనే దాని శక్తి అయిపోతుంది. యాసిడ్‌తో గానీ ఇంకే క్లీనర్‌తో గానీ దాన్ని కలపకండి, విషవాయువు పుడుతుంది. బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. పరుపులు, దిండ్లు, పాప దూది బొమ్మలు ఉంచుకోకండి, బాధగానే ఉంటుంది, కానీ లోపల నానిన మురుగు ఎండలో పోదు. బొమ్మల్ని పాపకి తెలియకుండా పారేయొద్దు, చెప్పి, తన చేత్తో వీడ్కోలు చెప్పనివ్వండి. గోడలు ఆరడానికి నెలలు పట్టొచ్చు. గోడకి చిన్న ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు తర్వాత చూడండి, లోపల చెమ్మ పడితే రంగు వేసే సమయం ఇంకా రాలేదు. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుంటే పొడిగా లాగొద్దు, శుభ్రమైన నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి నీడలో ఆరబెట్టండి. తడిసిన సర్టిఫికెట్లు ఇప్పుడే ఆరబెట్టే తీరిక లేకపోతే కవర్లో పెట్టి, కరెంటు ఉన్న చుట్టాల ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో ఉంచమనండి, పాడవడం అక్కడితో ఆగుతుంది, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

ఇక ఇంట్లో మనుషుల సంగతి. అత్తగారి వల్ల ఆలస్యం కాలేదు, ఈ మాట ఆవిడతో మీ ఆయనే చెప్పాలి. ఆవిణ్ణి ఎప్పుడు తరలించాలో ముందు అనుకోలేదు కాబట్టి ఆలస్యమైంది. కదల్లేని మనిషి ఉన్న ఇంట్లో వరస తిరగేయాలి, అందరికంటే ముందు ఆవిడ, ఆవిడతో పాటే బాబు. నీళ్లు పాదాలకి తగలకముందు ఇద్దరు మనుషులు ఒక గట్టి కుర్చీతో సులువుగా చేసే పని, మోకాలి లోతులో కనిపించని మెట్ల మీద నలుగురికీ ప్రాణసంకటం అవుతుంది. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి దీనికోసమే ఉంచండి, ఒకరు వీపు వైపు, ఒకరు కాళ్ల వైపు, నడుముకి చీరో దుప్పటో కట్టి. పొడిగా ఉన్న పగటిపూట ఒకసారి ఆవిడని నిజంగానే పైకి తీసుకెళ్లి చూడండి. మొదట ఆవిడ మొహమాటపడతారు. పై అంతస్తు వాళ్లతో టీ తాగే వంకతో తీసుకెళ్లండి, "అర్ధరాత్రి తలుపు తడితే తీస్తారా" అని ఆ రోజే అడిగేయండి.

నేను చూసినంతలో ఇళ్లలో ప్రమాదం తెచ్చేది భయం కాదు, "ఇంకాస్త చూద్దాం" అన్న మాట. నీళ్లు పెరుగుతున్నప్పుడు భార్యాభర్తలు వాదించుకుంటారు, ఒకరు సామాను అంటారు, ఒకరు పిల్లలు అంటారు, ఆ వాదనలోనే అరగంట పోతుంది. అందుకే నిర్ణయం అప్పుడు తీసుకోకూడదు, ఇప్పుడే తీసుకుని ఒక గుర్తుకి కట్టేయాలి. మీ ఇంటికైతే నేను ఇలా పెడతాను. జాలీలో గుడగుడ వినిపించినా, రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత పక్కల నుంచి నీళ్లు ఊరినా, వాన పడుతున్నా ఆగినా, అత్తగారు, బాబు, మందుల సంచి పైకి. నీళ్లు గేటు దగ్గర మొదటి మెట్టుని తాకితే, మీరు పొడి నేల మీద ఉన్నారు కాబట్టి మెయిన్ ఆపేసి, గ్యాస్ కట్టేసి అందరూ పైకి. అప్పటికే తడి తగిలితే స్విచ్ ముట్టుకోకుండా వెళ్లిపోండి. ఆ తర్వాత దేనికోసమూ ఎవరూ కిందికి దిగరు. ఈ చివరి మాట మీ ఆయన పాప ముందు ఒప్పుకోవాలి, ఎందుకంటే పాప ఇప్పుడు భయపడుతున్నది నీళ్లకి మాత్రమే కాదేమో, నాన్న వెళ్లి రాకపోవడానికి కూడా.

కారు విషయంలో ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, అది కష్టార్జితం. కానీ ఈ లెక్క ఆయనకి తెలియాలి. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉంటే పెద్ద మనిషిని పడేస్తాయి, 30 సెంటీమీటర్లు చిన్న కారుని తేల్చగలవు, 60 ఉంటే చాలా బళ్లు కొట్టుకుపోతాయి. ప్రవాహం వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలు. మసక నీళ్లలో రోడ్డు ఉందో తెరిచిన మ్యాన్‌హోల్ ఉందో కనిపించదు. హెచ్చరిక రాగానే, వాన మొదలయ్యే ముందే కారు మెరక మీద పెట్టాలి. రాత్రి ఒంటిగంటకి కారు లేనట్టే లెక్క.

పాపకి "ఇంకెప్పుడూ రాదు" అని చెప్పకండి. వస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. "వస్తే మనం ఏం చేయాలో మనకి తెలుసు" అని చెప్పి, తనకి ఒక పని ఇవ్వండి. గేటు పక్క గోడ మీద రంగుతో గీతలు గీయించండి, వాన రోజు టార్చితో వరండాలోంచి ఆ గీత చూసి చెప్పే పని తనది. తన సంచి తనే సర్దుకోవాలి, ఒక జత బట్టలు, ఒక బొమ్మ, ఫోన్ నంబర్లు రాసిన కాగితం. రాత్రుళ్లు లేచి ఏడవడం, బడికి వెళ్లనని మొండికేయడం, పక్క తడపడం కొన్ని వారాలు ఉండొచ్చు, తిట్టకుండా దగ్గర పడుకోబెట్టుకోండి. నెల దాటినా తగ్గకపోతే, లేదా అంతకంటే ముందే తిండి మానేస్తే, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. బాబు మిమ్మల్ని క్షణం వదలకపోవడం ఈ వయసులో మామూలే.

మీరు కూడా నిద్రపోతున్నారో లేదో రాయలేదు. వంతులేసుకోండి, ఒక రాత్రి ఆయన శబ్దాలు వింటారు, ఒక రాత్రి మీరు.

ఇల్లు మారాలా అన్నదానికి నా అభిప్రాయం, కుదిరితే అదే వీధిలో పై అంతస్తుకి మారడం మొదటి మార్గం, బడి మారదు, మీకు సాయం చేసిన మనుషులు దూరం కారు. అయితే లిఫ్ట్ లేని చోట అత్తగారిని ఆస్పత్రికి దింపడం రోజువారీ సమస్య అవుతుంది, ఆవిణ్ణి అడిగే నిర్ణయించండి. వేరే చోట చూస్తే గోడల మీద పాత నీటి చారలు, మీటర్ బాక్సులు ఎంత ఎత్తున పెట్టారు, ఇంటి గడప రోడ్డుకంటే ఎంత పైన ఉంది, ఇవి చూడండి. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి అక్కడ చిన్న దుకాణం నడిపేవాళ్లని అడగండి, వాళ్లు దాచరు.

ఎలక్ట్రీషియన్ చూసి వెళ్లాక ఏ లైన్లు ఆపమన్నారో, గోడ మీద చార ఎంత ఎత్తులో ఉందో రాయండి. ప్లాస్టరింగ్ ఎక్కడిదాకా కొట్టించాలో అప్పుడు చెప్తాను. ఈలోపు ఎవరికైనా జ్వరం వస్తే నాకు రాయడం కోసం ఆగకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.